మర్యాదకు అన్న మాటలు రద్దు చేయ కోరుట

గౌరవనీయులైన జిల్లా అధికారి గారి సముఖమునకు,
యుద్ధ క్షతగాత్రుల సహాయ కార్యాలయం, ఊపిరితిత్తుల విభాగం.

గీలాన్ సీమ, లాహీజాన్ పట్టణం, తేయాకు ఫ్యాక్టరీ వెనక వీధి కాపురస్థుడు, మాజీ సైనికుడు షాబాన్ లయలిస్తానీ వ్రాసుకొను అర్జీ.

విషయం: వైద్య సంఘం ఎదుట నేను మర్యాద కొద్దీ పలికిన మాటలను రికార్డు నుండి తొలగించుట గురించి, తత్ఫలితముగా వచ్చే శనివారం నా ఇంటి నుండి తీసుకుపోదలచిన ఆక్సిజన్ యంత్రమును నా వద్దనే ఉండనివ్వవలసినదిగా ప్రార్థన.

అయ్యా,

తమరు, తమ ఇంటిల్లిపాదీ కులాసా అని తలుస్తాను. మీ దయ వల్ల మేమిక్కడ క్షేమం.

పై వాక్యం మర్యాద వాక్యం మాత్రమేనని, దానిని సాక్ష్యంగా స్వీకరించరాదని మొదటనే మనవి చేసుకుంటున్నాను. చేయి తిరిగిపోయి రాసేశాను. కొట్టివేస్తే తమరి క్షేమం కూడా కొట్టివేసినట్టవుతుందని ఉంచాను. ఇక అసలు సంగతులు వరుసగా విన్నవించుకుంటాను.

1. యుద్ధకాలంలో నేను దక్షిణాన ఫావ్ వైపు కందకాల్లో ఉండగా మా మీద విషవాయువు బాంబులు పడినవి. సదరు వాయువు వెల్లుల్లి వాసన వేయునని తమ కార్యాలయం గోడకు అంటించిన కాగితంలో ఉంది. ఆ రోజు మా కందకానికి గోడలు లేవు, కాగితమూ లేదు. అందులో ఉన్నవాళ్ళమంతా గీలాన్ వాళ్ళం. వెల్లుల్లి పడని కూర మా వైపు కూర కాదని తమకు వేరే చెప్పనక్కర్లేదు. మాలో హైబత్ అనే లంగరూద్ ఊరి కుర్రవాడికి వాళ్ళమ్మ ఏడేళ్ళు వెనిగర్‌లో ఊరిన వెల్లుల్లి జాడీ పంపింది. ఊరి ఊరి నల్లగా, ఖర్జూరంలా మెత్తబడిన సరుకు. కొత్త సంవత్సరానికి గాని మూత తియ్యనని వాడు దాన్ని దుప్పట్లో చుట్టి దాచాడు.

ఆ సాయంత్రం బాంబులు పెద్దగా పేలలేదు. దబ్బుమని నేలలో దిగబడ్డాయంతే. కాసేపటికి గుప్పున వాసన వచ్చింది. మేమంతా ఒక్కసారిగా హైబత్ మీద పడ్డాం.

"ఒరే హైబత్, జాడీ తీశావట్రా? ఒక్కడివే మింగుదామనే?"

"తియ్యలేదురా బాబూ! మా అమ్మ మీదొట్టు!"

"మరీ వాసనేంట్రా? మీ అమ్మ నడిచొచ్చిందా ఇక్కడికి?"

పడీ పడీ నవ్వుకున్నాం. ఒకడైతే గాలిని ఎగబీలుస్తూ "అబ్బ, ఒక ముద్ద అన్నముంటే" అన్నాడు. హైబత్ ఉక్రోషం పట్టలేక దుప్పటి విప్పి జాడీ ఎత్తి చూపించాడు. "ఇదుగో, చూసి చావండి. మూతకేసిన మైనం అట్లాగే ఉంది."

నిజంగానే అట్లాగే ఉంది. ముందు నవ్వు ఆపినవాడు హైబతే. ఆ తరువాత మాస్కులు వెతుక్కున్నాం.

తమ దరఖాస్తు ఫారంలో గాయపడిన విధానం అనే గడిలో "మాస్కు ధరించుటలో జాప్యమునకు కారణం" అని అడిగారు. నవ్వుకున్నాం అని ఎట్లా రాయను? ఖాళీగా వదిలాను. దానికి కూడా తమ కార్యాలయం అభ్యంతరం తెలిపియున్నది.

హైబత్ ఆసుపత్రిలో పోయాడు. నేను కళ్ళకు కట్లు విప్పించుకుని ఇంటికి వచ్చాక వాళ్ళమ్మను చూడబోయాను. ఆవిడ అన్నిటికంటే ముందు ఒకటే అడిగింది. "జాడీ తెరిచారా నాయనా? తిన్నారా మీరంతా?" తిన్నాం పిన్నీ, చాలా బాగుంది, అన్నాను. తరువాతి శీతకాలం నుండి ఆవిడ బతికున్నన్నాళ్ళూ ఏటా నాకో జాడీ పంపింది. బాగుందన్నాను గదా మరి.

2. యుద్ధభూమిలోని వైద్య శిబిరంలో నా పేరు నమోదు కాలేదని తమరు వ్రాసిన మాట యథార్థము. శిబిరం గుడారం ముందు వరుసలో నేనూ నిలబడ్డాను. నా వెనక వాడి కళ్ళు నాకంటే ఎక్కువ వాచి ఉన్నాయి. "ముందు మీరు కానివ్వండి" అన్నాను. వాడి వెనక ఇంకొకడు. ఈలోగా ట్రక్కు వచ్చి, నిలబడగలిగిన వాళ్ళందరినీ ఎక్కించుకుపోయింది.

3. ఇక వైద్య సంఘం వారి ఎదుట జరిగినది. తమ భవనంలో లిఫ్టు చక్కగా పనిచేయుచున్నది. దాని మీద నాకే ఫిర్యాదూ లేదు. అయితే దాని ముందు నాలాంటి వాళ్ళం అయిదారుగురం నిలబడి ఉన్నాం. తలుపు తెరుచుకుంది. "దయచేయండి." "అయ్యో, తమరు ముందు." "పెద్దవారు, మీ తరువాతే మేము." "ఊపిరాడని వాళ్ళు ముందెక్కాలండీ." "అందరికీ ఆడదు గదండీ, మీరు కానివ్వండి." ఇట్లా అనుకుంటుండగా తలుపు మూసుకుని లిఫ్టు ఖాళీగా పైకి పోయింది. మళ్ళీ వచ్చింది, మళ్ళీ అంతే. సిగ్గేసి అందరం మెట్ల దారి పట్టాం. మూడో అంతస్తు చేరాక ఎవరి గోడ వాళ్ళు పట్టుకుని నిలబడ్డాం. ఒకరినొకరు చూసుకోలేదు.

లోపల డాక్టరు మొహసెనీ గారు. యువకులు, మంచి కుటుంబం వారు, నన్ను చూడగానే కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. అంత మర్యాదస్థుడు ఎదురైతే నా గతి ఏమౌతుందో తమరే ఊహించుకోవచ్చును.

"రండి లయలిస్తానీ గారూ, కూర్చోండి. ఎలా ఉన్నారు?"

"మీ దయ వల్ల బాగున్నానండీ. తమరెలా ఉన్నారు? అమ్మగారూ నాన్నగారూ కులాసానా?"

"అంతా బాగున్నారండీ. మెట్లెక్కి వచ్చారా ఏంటి? ఇబ్బంది పడుంటారు."

"అబ్బే, ఇబ్బందేముందండీ. తమరి దర్శనానికి వస్తూ ఇబ్బందా?"

"నిద్ర పడుతోందా?"

"దివ్యంగా."

"దగ్గో?"

"ఏదో ఉందంటే ఉందండీ. దాని సంగతి వదిలెయ్యండి. తమరికి పొద్దున్నుంచీ ఎంత పనో ఏమో."

ఈ మాటలంటున్నంతసేపూ నేను దగ్గును గొంతులోనే అణిచిపెట్టి ఉన్నాను. అంతటి వాడి బల్ల మీద, అంత తెల్లటి కాగితాల మీద దగ్గడం ఏం బాగుంటుంది? ముఖం ఎర్రబడింది. డాక్టరు గారు చూసి "మీ ముఖంలో మంచి కళ ఉందండీ" అన్నారు. ధన్యవాదాలు చెప్పుకున్నాను.

తరువాత గొట్టంలోకి ఊదే పరీక్ష. గొట్టం పట్టుకున్న అమ్మాయి నా కూతురి ఈడుది, సరిగ్గా ఎదురుగా నిలబడింది. ఆడపిల్ల ముఖం మీదికి ఊదలేక కొంచెం పక్కకు తిరిగి మెల్లగా ఊదాను. "గట్టిగా బాబాయ్, గట్టిగా!" అంది పాపం. "ఇంతకంటే గట్టిగా ఊదితే నీకు తగుల్తుందమ్మా" అన్నాను.

తమ కార్యాలయం నాకు పంపిన నివేదికలో ఉన్నది ఉన్నట్టుగా: "తాను బాగున్నానని రోగి స్వయముగా తెలిపెను. మూడు అంతస్తులు ఇబ్బంది లేక ఎక్కెను. నిద్ర బాగుగా పట్టుచున్నది. ఊదు పరీక్షకు సహకరించలేదు. ఇంటివద్ద యంత్రము అవసరము కనబడలేదు." ఇందులో ఒక్కటి కూడా వారు కల్పించినది కాదు. అన్నీ నేనన్నవే. అందుకే ఎవరి మీద ఫిర్యాదు చేయాలో తెలియక ఇన్నాళ్ళూ ఊరుకున్నాను.

4. తమరి న్యాయబుద్ధికి ఒక్క సంగతి విన్నవించుకుంటాను. నేను సెలవు తీసుకుంటుండగా డాక్టరు గారు గుమ్మం దాకా వచ్చి నా చేయి పట్టుకుని, "ఒకరోజు మా ఇంటికి భోజనానికి రావాలి మీరు. తప్పకుండా. మీ ఇల్లే అనుకోండి" అన్నారు. నేను వెళ్ళలేదు. చాపా పెట్టెతో సహా, భార్యను వెంటబెట్టుకుని, మీ ఇల్లే అన్నారు గదాని వెళ్ళి వారి పడకగదిలో పడుకుని ఉంటే ఏమయ్యేది? వారి మాటను నేను మాటగానే ఉంచాను. నా మాటను మాత్రం వారు ముద్ర వేసి పైకి పంపారు. ఒకే గదిలో, ఒకే పూట, ఇద్దరం ఒకే రకంగా మాట్లాడుకున్నాం. అందులో ఒకరి మాటలు మర్యాద, మరొకరివి వాంగ్మూలం ఎట్లా అయినవో సెలవిప్పించవలెను.

దుకాణదారుడు మీ దగ్గర డబ్బు తీసుకుంటానా అంటాడు. ఎవడైనా సరుకుతో ఇంటికి పోతాడా? ఈ దేశంలో పుట్టిన ప్రతివాడికీ తెలిసిన ఈ సంగతి తమ వైద్య సంఘానికి తెలియదంటే నమ్మలేకున్నాను. తెలిసీ రాశారంటే, అయ్యా, కోపం వస్తోంది. ఈ మాట అన్నందుకు క్షమించగలరు.

5. యంత్రం వల్ల నాకున్న ప్రయోజనం తెలుపుకుంటాను. అది ఉంటే నేను వెల్లకిలా పడుకోగలను. లేకపోతే కూర్చోవాలి. కూర్చుని మోకాళ్ళ మీద దిండు పెట్టుకుని, దాని మీద తల పెట్టుకోవాలి. మా ఊళ్ళో వానకు అంతుండదు, గోడలు చెమ్మ. తేయాకు ఫ్యాక్టరీలో ఆకు జల్లెడ పట్టే చోట పనిచేసేవాణ్ణి, ఆ దుమ్ముకు తాళలేక మానేశాను. యంత్రం గుర్రుమంటుంటే నా భార్య గులందామ్ నిద్రపోతుంది. అది ఆగిందంటే మెలకువ వస్తుంది ఆవిడకు.

మా ఇంట్లో పెళ్ళయిన నాటి నుండి వెల్లుల్లి ఒలవలేదు. ఆ వాసన తగిలితే నా ఒళ్ళు నా చెప్పుచేతల్లో ఉండదు. గీలాన్ ఆడపడుచు, వంకాయ కాల్చి వెల్లుల్లి దట్టించిన కూర లేకుండా ఎట్లా బతుకుతుంది? అందుకని వారానికొకసారి చెల్లెలింటికి వెళ్ళి తిని, అక్కడే నోరు కడుక్కుని, బట్టలు మార్చుకుని వస్తుంది. హైబత్ వాళ్ళమ్మ పంపిన జాడీలన్నీ ఆ చెల్లెలింటికే చేరాయి. నేను ఒక్కసారి కూడా గులందామ్‌ని క్షమించమని అడగలేదు. ఆవిడ ఒక్కసారి కూడా పరవాలేదు అనలేదు. మా మధ్య మర్యాదలు లేవు, అదొక్కటే నాకు మిగిలిన సుఖం.

6. ఇక్కడివరకు సోమవారం నాడు రాసితిని. దగ్గు వల్ల ఆపితిని. ఈ రోజు బుధవారం. ఈ మధ్యలో జరిగినదాన్ని బట్టి, పైన "ఉండనివ్వవలసినదిగా" అని వచ్చిన చోట "తిరిగి ఇప్పించవలసినదిగా" అని చదువుకోగలరు. మొత్తం తిరగరాసే ఓపిక లేదు.

ఈ రోజు మధ్యాహ్నం, గులందామ్ చెల్లెలింటికి వెళ్ళిన సమయంలో, తమ కార్యాలయపు వ్యాను వచ్చింది. డ్రైవరు మురాద్ గారు, నలభై పైబడ్డ మనిషి, గుమ్మం బయటే నిలబడిపోయారు. నిలువునా తడిసి ఉన్నారు.

"బాబాయ్ గారూ, నేను శనివారమే రావాల్సిందండీ. పై వీధిలో ఇంకో పనిమీద వచ్చి, మీ ఇల్లెక్కడో చూసి పెట్టుకుందామని ఆగాను. మీరేం కంగారు పడకండి."

"వానలో నిలబడతారేంటండీ, లోపలికి రండి. టీ తాగండి."

వచ్చారు, టీ తాగారు. యంత్రం వైపు చూడకూడదని తల పక్కకి తిప్పుకుని కూర్చున్నారు. ఎంత మంచివాడో తమకు తెలియడం కోసం రాస్తున్నాను. ఆయన మీద ఏ చర్యా తీసుకోరాదు. తప్పు నాదే.

"మరైతే శనివారం మళ్ళీ రావాలా మీరు, ఇంత దూరం?" అన్నాను.

"మా ఉద్యోగమే అది గదండీ."

"ఈ వానలో రెండుసార్లు తిరగడం ఎందుకు? ఎలాగూ వచ్చారు, ఇప్పుడే పట్టుకెళ్ళండి."

"అయ్యయ్యో, వద్దండీ. మీ దగ్గరే ఉండనివ్వండి. ఆ రెండు రోజులైనా ఉంటుంది."

ఇక్కడ నేను నోరు మూసుకోవలసినది. ఆయన వద్దన్నాడు, నేను సరేనంటే అయిపోయేది. కాని ఎదుటివాడు వద్దన్న వెంటనే సరేననేస్తే, మొదట అన్నది ఉత్తమాటే అని తేలిపోదా? అందుకని మళ్ళీ అన్నాను.

"నా మాట వినండి. నాకేం లోటు లేదు."

"నిజంగానా బాబాయ్ గారూ? నిజంగానే పరవాలేదా మీకు?"

ఆయన నా కళ్ళలోకి చూసి అడిగారు. నిజం చెప్పడానికి అంతకంటే మంచి అవకాశం ఈ జన్మలో నాకు రాదు. "దివ్యంగా ఉన్నాను" అన్నాను.

తీగె చుట్టింది నేనే. గొట్టం తుడిచి సంచిలో పెట్టిందీ నేనే. ఒక పక్క పట్టుకుంటానంటే ఆయన ఒప్పుకోలేదు. వ్యాను కదులుతుంటే చేయెత్తి, మళ్ళీ రండి అన్నాను.

గులందామ్ వచ్చి గోడ దగ్గర యంత్రం ఉండే చోట ఖాళీ చూసింది. అది మొదలు మా ఇంట్లో జరిగిన సంభాషణను కూడా, నిజం తెలియడానికి, పొందుపరుస్తున్నాను.

"పెట్టె ఏదీ?"

"తీసుకెళ్ళారు."

"శనివారమన్నారుగా?"

"పాపం, వానలో మళ్ళీ రావాలని..."

బల్ల మీద రెండు టీ గ్లాసులు చూసింది. "టీ ఇచ్చారా?"

"ఇచ్చాను."

"చక్కెర ముక్కలూ?"

"ఇచ్చాను."

"బాగుంది. ఊపిరి కూడా ఓ పొట్లం కట్టి చేతికివ్వకపోయారా, దారిలో పీల్చుకునేవాడు."

నేను నవ్వబోయాను. ఊపిరి చాలలేదు. ఆవిడ నవ్వలేదు.

కావున, అయ్యా, నా ప్రార్థన ఏమనగా: నేను బాగున్నానని ఎక్కడెక్కడ అన్నానో అవన్నీ రద్దు చేయించి, యంత్రాన్ని తిరిగి ఇప్పించవలెను. మళ్ళీ పరీక్షకు పిలిపిస్తే వస్తాను. కాని ఒక్క మనవి. ఈసారి కాస్త మర్యాద లేని డాక్టరును నియమించవలెను. కూర్చోమనకుండా, ఎలా ఉన్నావని అడగకుండా, నా చొక్కా విప్పించి వీపు మీద చెవి పెట్టి వినేవాడు కావలెను. నా నోటికి అలవాటైన మాటలున్నవి, వీపుకు లేవు.

ఇందులోని మర్యాదలను తీసి పక్కన పెట్టి, మిగిలినదాన్ని తమరు చిత్తగించవలెను. తమరికి అనేక పనులుంటాయని తెలుసును. వీలు చూసుకుని చేయించండి. నాకేమీ తొందర లేదు. తమ పిల్లలకు నా ఆశీస్సులు.

ఇట్లు,
తమ విధేయుడు,
షాబాన్ లయలిస్తానీ

తా.క.

నేను గులందామ్‌ని, ఆయన భార్యని. పోస్టులో వేసి రమ్మని నాకిచ్చారు. దారిలో చదివాను. ఈ ముక్క పోస్టాఫీసు బల్ల మీద నిలబడి రాస్తున్నాను.

మీ ఇంట్లో వాళ్ళు ఎలా ఉన్నారో నేనడగను. నాకు తెలియాల్సిన పని లేదు.

ఆయన తొందర లేదని రాశారు. తొందరుంది. నిన్న పెట్టె పోయినప్పటినుంచీ ఆయన పడుకోలేదు. కూర్చునే ఉన్నారు. మాటకీ మాటకీ మధ్య కిటికీ వైపు తిరిగి గాలి తెచ్చుకుంటున్నారు. గోళ్ళు నల్లబడ్డాయి. ఎలా ఉందండీ అని ఇవాళ పొద్దున అడిగాను. నాతో ఎప్పుడూ ఉన్నదున్నట్టు చెప్పే మనిషి. బాధగా ఉంటే బాధగా ఉందే అని, చచ్చిపోతున్నానే అని అరిచే మనిషి. ఇవాళ నన్ను చూసి నవ్వి, "నీ దయ వల్ల బాగున్నాను" అన్నారు. పెళ్ళయినప్పటినుంచీ ఆ మాట నాతో ఎప్పుడూ అనలేదు. 

డాక్టర్లు వద్దు, పరీక్షలు తర్వాత చూసుకోండి. ముందు పెట్టె పంపండి. ఆ డ్రైవర్‌నే పంపండి, ఇల్లు తెలుసు. నేను టీ ఇవ్వను, కూర్చోమనను. పెట్టె తెచ్చినప్పుడు మా ఆయన గుమ్మంలోకి వచ్చి, ఎందుకండీ మీకు శ్రమ, నేను బాగానే ఉన్నాను, నాకంటే అవసరమైనవాళ్ళకివ్వండి అంటారు. తప్పకుండా అంటారు. వినొద్దని చెప్పండి అతనికి. దింపేసి వెళ్ళిపొమ్మనండి.